డబుల్ డ్యూటీ నాటి బంటు

"నానమ్మా, అక్క మాటముచ్చట నాడు తాత ఏసోబు తాతతోని చదరంగం ఆడిండట గదా. నేను హాస్టల్ల ఉంటిని. అందరు నవ్వుకుంట సగం సగం చెప్తున్రు. నువ్వన్న మొత్తం చెప్పవా?"

ఫోన్ ఆన్ చేసినవా? ఆ ఎర్ర చుక్క వెలుగుతున్నదా? సరే. జెర ఇటు జరుపు స్నేహా, ఆ మిక్సీ పక్కన పెట్టకు, మీ అమ్మ ఎప్పుడు దాన్ని నడుపుతదో తెల్వది. ఆఁ, ఏమడిగినవ్? చదరంగమా. నవ్వుకుంట చెప్తున్రా? చెప్తరు, ఇప్పుడు నవ్వుతరు. ఆ రోజు ఒక్కరన్న నవ్విన్రా అడుగు. మీ నాయిన మురుకుల ప్లేటు చేతిల పట్టుకొని గోడకు ఆనుకున్నోడు ఆనుకున్నట్టే ఉన్నడు, ఒకరికి పెట్టలే, తాను తినలే. నేను వంటింట్ల నిలబడి ప్రార్థన చేసుకుంటున్న. ప్రార్థన అంటే ఏం ప్రార్థన? ప్రభువా, ఈ ఇద్దరు ముసలోళ్లకు జెర బుద్ధియ్యి అని. గంతే. అంతకన్న పెద్ద ప్రార్థన నాకు తట్టలే ఆ రోజు.

నీకు మొదటి నుంచి చెప్పాలె, లేకపోతే సమజ్ గాదు. మీ తాత బొల్లారంల మందుల కంపెనీల చేసిండు గదా. నీకు తెల్సు గాని అప్పటి సంగతి తెల్వదు. మేము గుమ్మడిదల నుంచి వచ్చి ఒక్క అర్రల కిరాయికి ఉన్నం. పొద్దు పొడవక ముందే కంపెనీ బస్సు వస్తుండె. ఆయన అంగి ఎన్నిసార్లు ఉతికినా ఆ మందు వాసన పోకపోయేది. మీ నాయిన చిన్నగున్నప్పుడు ఆ వాసన వస్తేనే నాయిన వచ్చిండని ఎగిరేటోడు, సబ్బు పెట్టి కడుక్కొని వస్తే దగ్గరికే పోకపోయేది. చాయ్ అప్పుడు పావలా... కాదు కాదు, అప్పటికే అర్ధ రూపాయి అయిందనుకుంట. మా ఆడిబిడ్డ పెండ్లి నాటికి పావలా ఉండె. సరే, చాయ్ ముచ్చట గాదు గదా నీకు కావల్సింది.

రియాక్టర్ మీద చేసిండు మీ తాత. రియాక్టర్ అంటే పెద్ద స్టీలు గుండిగ అనుకో. లోపల మందు ఉడుకుతుంటది. పొయ్యి మీద పాలు పెట్టి ఇంట్ల నుంచి పోతమా? పోం. గట్లనే దాని కాడ ఎప్పుడు ఒక మనిషి ఉండాలె. నీ తర్వాతోడు వచ్చి నిలబడితేనే నువ్వు దిగాలె. ఆ వచ్చేటోన్ని రిలీవర్ అంటరు. మీ తాతకు రిలీవర్ ఏసోబన్న. ఇప్పుడు మన కిరణ్‌కు తాత ఆయననే. అప్పుడు ఎవరికి తెల్సు, ఆయన మనుమడు మన ఇంటికి అల్లుడైతడని?

ఇద్దరికి చదరంగం అంటే పానం. మీరు చెస్ అంటరు. మీ తాత బడిల సారు కాడ నేర్చుకున్నడు. ఏసోబన్న సంగారెడ్డిల పాత బజార్ల తురకోళ్ల కాడ నేర్చిండని చెప్తుండె. కంపెనీల ఆటల పోటీ పెడితే, వీళ్లిద్దరు ఉంటే చాలు, మిగిలినోళ్లంత మూడో బహుమతి కోసం ఆడేటోళ్లు. కాని వీళ్లిద్దరు ఎదురుబొదురు కూసోని ఆడేది ఎన్నడు జరగలే. ఎందుకో చెప్పు చూద్దాం. అరే, ఒకడు దిగాలంటే ఒకడు ఎక్కాలె గదనే. ఇద్దరు ఒక్కసారి ఖాళీగ ఎట్లుంటరు? సెలవు కూడ ఒక్కనాడు రాకపోయేది. ప్రతి ఏడు పోటీ ఆఖరికి వచ్చి ఆగిపోయేది. మేనేజరు ఇద్దరికి చెరొక స్టీలు గిన్నె ఇచ్చి పంపుతుండె. ఇంకా ఉన్నయి, మీ అమ్మ పెరుగు తోడేస్తది చూడు, గా గిన్నెల్నే.

అందుకే ఒక ఉపాయం చేసుకున్నరు. బట్టలు మార్చుకునే గదిల కిటికి గూట్ల బోర్డు పెట్టిన్రు. ప్యాకింగ్ చెక్కతోని కంపెనీ వడ్లాయన చేసిచ్చిండు. డ్యూటీ దిగినోడు బట్టలు మార్చుకొని, ఒక్క ఎత్తు వేసి, మీద డ్రమ్ము మూత బోర్లించి ఇంటికి పోవాలె. తర్వాతోడు తన డ్యూటీ దిగినంక ఆ మూత తీసి చూసి, తన ఎత్తు వెయ్యాలె. దినాం ఒకనిది ఒక్క ఎత్తు. గట్ల ఒక్కో ఆట నెలలకు నెలలు నడిచేది. ఇంటికొచ్చి బువ్వ తినుకుంట కూడ మీ తాత అండ్లనే ఉండేటోడు. కూరల ఉప్పు ఎక్కువైందా అని అడిగితే, గుర్రాన్ని అడ్డం పెట్టిండు అంటుండె. నేను ఉప్పు గురించే అనుకొని... కాదులే, ఆ ముచ్చట మల్ల చెప్త.

ఇగ గొడవ ముచ్చటకు వస్తున్న. ఒకరోజు మస్తు వాన. వాగొచ్చి రోడ్డు మీదికి ఎక్కింది, ఏసోబన్న వచ్చే బస్సు అవతలి గడ్డ మీద ఆగిపోయింది. ఇక్కడ మీ తాత డ్యూటీ అయిపోయింది. రిలీవర్ రాలే. సూపర్‌వైజరు ఏమంటడు? ఉండు సామ్యేలు, డబుల్ చెయ్యి అన్నడు. పోనీ అని మీ తాత వేరేటోన్ని ఒక్క నిమిషం నిలబెట్టి పోయి, తన డ్యూటీ అయింది గనుక తన ఎత్తు వేసొచ్చిండు. ఒక బంటును ఒక్క గడి ముందుకు నూకిండు. మల్ల వచ్చి ఏసోబన్న డ్యూటీ గూడ మొత్తం చేసిండు. అది అయినంక ఇంకొకాయన వచ్చి దింపిండు. దిగినంక బట్టలు మార్చుకునే గదికి పోయిండు, మూత తీసిండు, అదే బంటును ఇంకొక్క గడి ముందుకు నూకిండు.

ఏమన్నడో తెల్సా? రెండు డ్యూటీలు చేసిన, రెండుసార్లు హాజరు కార్డు గుద్దిన, రెండు ఎత్తులు నావి. డ్యూటీ దిగినోడు ఎత్తు వెయ్యాలె అన్నదే గదా రూల్ అన్నడు.

ఏసోబన్న మర్నాడు మూత తీసి చూస్తే, బంటు పోయి పోయి ఆయన గుర్రానికి, ఒంటెకు నడుమ నిలబడి ఉన్నది. ఇటు పోతే ఇది పోతది, అటు పోతే అది పోతది. పాపం, ఆయన వాన నీళ్లల్ల బస్సుల కూసోని తన ఎత్తు ఏం వెయ్యాల్నో ఆలోచన చేసుకుంట ఉన్నడట. వచ్చి చూస్తే గిట్ల. ఎవరికైన కాలదా?

ఆయన ఏమన్నడంటే, ఇది మంచిగ విను, ముందుకు పనికొస్తది. "నా డ్యూటీ నువ్వు చేసినవా, సంతోషం. కాని ఆ డ్యూటీల ఉన్నది నా ఎత్తు. నా కుర్చీల కూసున్నోడు నా పావును జరపాలె. నీ పావును నువ్వే రెండుసార్లు జరుపుకుంటే దాన్ని ఏమంటరు?" అన్నడు. మీ తాత, "నడుము ఇరిగింది నాది గదా, నీదా?" అన్నడు. ఇద్దరి మాట ఇంటే ఇద్దరిది నిజమే అనిపిస్తది. గదే పరేషాన్. క్యాంటిన్ల సగం మంది ఇటు, సగం మంది అటు అయిన్రు. ఆఖరికి ఏసోబన్న దొంగ అనే మాట అన్నడు. గంతే. ఆట బందయింది, మాటలు బందయినయి. ఆయన వేరే బ్లాకుకు మార్పించుకున్నడు. తర్వాత సంగారెడ్డిల ఇల్లు కట్టుకొని పోయిన్రు. ఏడాదికొకసారి కోతల పండుగకు అన్ని సంఘాలోళ్లు కలుస్తరు గదా, అక్కడ కనబడితే ఈయన అటు చూసేది, ఆయన ఇటు చూసేది. నేను, రూతమ్మ వదిన మాత్రం పందిరి వెనక మాట్లాడుకునేటోళ్లం. రూతమ్మ వదిన అంటే ఏసోబన్న పెండ్లాం. మంచి మనిషి. ఆమెకు కూడ ఆ బంటు ముచ్చట ఇని ఇని చెవులు నొచ్చినయి.

ఇగ మీ అక్క సంగతి. కరుణ గుమ్మడిదల కాడ కంపెనీ ల్యాబ్ల చేస్తది, కిరణ్ అండ్లనే చేస్తడు, ఒకే బస్సు. ఎట్ల పరిచయమైంది ఏంది నేను అడగలే, బస్సులకెల్లి ఏం జరుగుతదో ఈ ఇంట్ల నాకే ఎక్కువ తెల్సు. ఇంతకు ముందు ఒక మంచి సంబంధం వస్తే మీ తాత లేపి పంపిండు, గుర్తున్నదా? తాను మాట్లాడుతుంటే పిలగాడు ఫోన్ చూస్తుండని. అందుకే మీ అక్క భయపడుకుంట భయపడుకుంట, అందరం అన్నం తినేటప్పుడు చెప్పింది. పిలగాడు మంచోడు తాతా, మన సంఘమే, వాళ్ల తాత కూడ బొల్లారంల చేసిండట, ఏసోబు అంట అన్నది.

మీ తాత చెయ్యి పళ్లెంల ఆగిపోయింది. ఏ ఏసోబు అన్నడు. చెప్పింది. లేసి చెయ్యి కడుక్కున్నడు. బువ్వ సగం ఉన్నది పళ్లెంల, అటు మల్లి చూడలే.

ఆ బంటు ముచ్చట అప్పటికప్పుడు నేను చెప్తే, మీ అక్క ఏడువలే తెల్సా? ఏడిస్తే బాగుండు అనిపించింది నాకు. ఆయన వెనకనే పోయి, "తాతా, నీకు ఇష్టం లేకపోతే నేను చేసుకోను. కాని ఇంకొకల్లను కూడ చేసుకోను. ఎందుకు చేసుకోలేదని ఎవరన్న అడిగితే బంటు కోసం అని చెప్త" అన్నది. నా మనుమరాలు. నా నోరే వచ్చింది దానికి. కాని ఆ పిల్ల కండ్లు చూస్తే నాకు సమజైంది. ఆ పిలగాని మీద మస్తు మనసు పెట్టుకున్నది, ఇది ఇరిగితే మల్ల లేసేటట్టు లేదు.

మీ నాయిన, కిరణ్ వాళ్ల నాయిన ఫోన్ల మాట్లాడుకొని, ఎట్లనో ఒక ఆదివారం గుడి అయినంక మాటముచ్చట అనుకున్నరు. సాయంత్రం అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తరు, ఇగ సంబంధం ఖాయం. పాస్టరయ్య ప్రార్థన చేసినంక ఎవ్వరు ఎనకకు పోలేరు గదా. అప్పటిదాక మధ్యాహ్నం ఎట్లన్న గడవాలె. గదే అందరి బాధ.

వచ్చిన్రు. ఏసోబన్న తెల్ల అంగి వేసుకొని, చేతికర్ర పట్టుకొని వచ్చిండు. షుగరున్నది ఆయనకు, మనిషి గుంజుకపోయిండు. కూసున్నడు. నేను నీళ్లిచ్చిన. తాగి గ్లాసు కింద పెట్టి, మొదటి మాట ఏమన్నడో చెప్పనా? పిల్లను చూడలే, ఇల్లును చూడలే. "సామ్యేలు, ఆ బంటును వెనక్కి పెడుతవా?" అన్నడు.

అందరి చేతులు ఎక్కడియి అక్కడ ఆగినయి. రూతమ్మ వదిన నా దిక్కు చూసింది, నేను ఆమె దిక్కు చూసిన.

మీ తాత ఏమన్నడు? "పెడుత. కాని తప్పు చేసిన అని మాత్రం అనను. ఆ ఎత్తు లేకుండనే నిన్ను ఓడగొట్టేటోన్ని. కావల్నంటే ఇప్పుడు ఆడు" అన్నడు. ఏసోబన్న కర్ర గోడకు ఆనించిండు. "నేను ఓడిపోతే ఇగ ఆ ముచ్చట నోట్ల నుంచి రానియ్య. నువ్వు ఓడిపోతే ఇందరి ముందర అది దొంగ ఎత్తని చెప్పాలె. అప్పుడే సంబంధం" అన్నడు.

ఏం చెప్పాలె బిడ్డా. మీ తాత నోటి నుంచి ఆ మాట వస్తదా? ఓడిపోతే ఈయన లేసి పోతడు, సంబంధం పోతది. గెలిస్తే ఆయన ఇచ్చిన మాట కోసం ఒప్పుకుంటడు గాని, పిల్ల ఆ ఇంటికి పోయినంక దినాం ఆ ముసలాయన మూతి ముడుచుకొని కూసుంటడు. ఎటు చూసినా కరుణకే దెబ్బ. ఆ పిల్ల తలుపు కాడ నిలబడి చున్నీ కొస నోట్ల పెట్టుకొని నములుతున్నది. కిరణ్ అయితే నేల మీది టైల్సు చూసుకుంట కూసున్నడు.

మీ తాత సజ్జ మీది నుంచి బోర్డు దించిండు. గదే బోర్డు, ఆ ప్యాకింగ్ చెక్కది. కంపెనీ మూతపడ్డప్పుడు ఇంటికి తెచ్చిండు, బియ్యం డబ్బ వెనక పెట్టిండు. నాకు తెల్సు, దుమ్ము దులిపినప్పుడల్లా చూసేదాన్ని, అడగకపోయేది. టీపాయ్ మీద పెట్టిన్రు. నేను ఒక్కటి చెప్త స్నేహా, నాకు ఆట రాదు గాని గది మాత్రం మరిచిపోను. ఇద్దరు చెరో దిక్కు నుంచి పావులు పెట్టుకుంట వచ్చిన్రు. గుర్రం ఇక్కడ, ఏనుగు అక్కడ, ఒక్క మాట మాట్లాడకుంట. అన్నేండ్ల కింద ఆగిపోయిన ఆట ఎట్లుండెనో గట్లనే పెట్టిన్రు. ఒక్క పావు కాడ గూడ తేడా రాలే. ఆఖరికి ఒక్క బంటు మిగిలింది, మీ తాత చేతిల. దాన్ని జెర సేపు పట్టుకొని, ఒక గడి వెనక్కి పెట్టిండు. ఏసోబన్న తలూపిండు.

ఇగ ఆట మొదలైంది. కోడికూర చల్లారింది, బగార అన్నం చల్లారింది. మీ అమ్మ రెండుసార్లు వచ్చి తినిపోండ్రి అన్నది, ఎవ్వరు లేవలే.

నాకు ఆట రాదన్న గదా, కాని మీ తాత గెలుస్తుండో ఓడుతుండో నాకు తెలుస్తది. నీకే చెప్తున్న, ఆయనకు చెప్పకు. గెలుస్తున్నప్పుడు ఆయన ఎడమ కాలి బొటనవేలు ఆడుతది. ఆయనకే తెల్వది. రమ్మీ ఆడినప్పుడు గూడ గంతే. చెప్తే ఆపేసుకుంటడు, ఇగ నాకేం మిగులుతది?

మొదట ఆ వేలు కదలలే. ఏసోబన్న ఏనుగులు రెండు లోపలికి వచ్చినయి, షా అన్నడు, అంటే రాజు మీదికి వచ్చిన అన్నట్టు, మల్ల షా అన్నడు. మీ తాత మంత్రిని పోగొట్టుకున్నడు అనుకున్న, కాని పోలే, ఎట్లనో తప్పించిండు. మెల్లగ ఒక్కొక్కటి సర్దుకుంట వచ్చిండు. ఎండ కిటికిల నుంచి గోడ మీదికి పోయింది. గప్పుడు చూసిన, బొటనవేలు ఆడుతున్నది. జెరంత కాదు, మంచిగ ఆడుతున్నది. ఏసోబన్నకు నుదుటి మీద చెమట. ఎత్తు ఆయనది. చూస్తుండు, చూస్తుండు, చెయ్యి ముందుకు పోతది, మల్ల వెనక్కి వస్తది. రూతమ్మ వదిన చూసి, షుగర్ పడిపోయినట్టుంది లేవయ్యా అన్నది. ఎత్తు నాది అంటడు, లేవడు. ఇగ ఆమె రెక్క పట్టుకొని లేపింది. లోపలికి తీసుకపోయి బెల్లం నీళ్లు తాపింది, నాలుగు మెతుకులు పెట్టింది. పోయేటప్పుడు తలుపు కాడ ఆగి, "నేనొచ్చేదాక ముట్టకు సామ్యేలు" అన్నడు.

మీ తాత ముట్టలే. కూసున్నడు. వేలు ఆడుతనే ఉన్నది. గెలుస్తుండు, నాకు తెల్సు. తలెత్తి ఒక్కసారి తలుపు దిక్కు చూసిండు. కరుణ ఉన్నది గదా అక్కడ. ఆ పిల్ల చూపు ఏసోబన్న పోయిన దిక్కే ఉన్నది. ఆయనకు ఏమన్న అయితదేమో అని భయమో, సంబంధమే పోతదని భయమో, దానికే తెల్వాలె. మీ తాత జెర సేపు చూసిండు. చూసి లేసిండు. మోకాళ్లు పట్టుకొని, టీపాయ్ చుట్టు తిరిగి పోయి, ఏసోబన్న కుర్చీల కూసున్నడు.

ఎందుకు కూసున్నడో ఎవ్వరికి తెల్వది. ఆ దిక్కు నుంచి బోర్డు చూస్తుండు. నేను కాలు దిక్కు చూసిన. వేలు ఆగిపోయింది.

ఆగినంక చెయ్యి పెట్టిండు. నల్ల గుర్రాన్ని ఎత్తి ఇంకొక గడిల పెట్టిండు. ఏసోబన్నదే ఆ నల్ల గుర్రం. పెట్టి మల్ల మెల్లగ నడుచుకుంట వచ్చి తన కుర్చీల కూసున్నడు.

కిరణ్ వాళ్ల నాయిన లేసి నిలబడ్డడు. "ఏంది మామా, ముట్టకు అన్నడు గదా మా నాయిన. మల్ల గదే పని చేసినవా?" అన్నడు. పాపం ఆయనది తప్పుగాదు, ఎవరు చూసినా గట్లనే అనుకుంటరు. ఇగ అయిపోయింది అనుకున్న. ఈ పిల్లను ఏమని ఓదార్చాలె అని అప్పటికప్పుడే మాటలు వెతుక్కుంటున్న, నిజంగ.

లొల్లి ఇని ఏసోబన్న బయటికొచ్చిండు. బోర్డు చూసిండు. ఎవ్వరు చెప్పనవసరం లేదు, ఆ మనిషికి ఒక్క చూపు చాలు.

"ముట్టినవా?"

"ముట్టిన."

"ఎందుకు ముట్టినవ్?"

"నువ్వు లేవు. నీ డ్యూటీ నేను చేసిన. నీ కుర్చీల కూసున్న, నీ గుర్రాన్నే జరిపిన" అన్నడు మీ తాత. గంతే అన్నడు. తల దించుకోలే, ఎత్తుకోలే, బోర్డునే చూసుకుంట అన్నడు.

ఏసోబన్న కూసున్నడు. ఎంతసేపు చూసిండో, నాకైతే ఏడాది అయినట్టు అనిపించింది. ఆ గుర్రం తల మీద వేలు పెట్టి చూసిండు, తీసిండు. తర్వాత గొంతు మారింది ఆయనది. "గీ ఎత్తు నాకు కనబడలే సామ్యేలు. నేను ఏనుగును జరుపుదాం అనుకుంటున్న" అన్నడు.

"ఏనుగును జరిపితే నువ్వు ఓడిపోతుంటివి" అన్నడు మీ తాత.

"గిప్పుడు?"

"గిప్పుడు నేను ఓడిపోత. ఆడు."

ఆడిన్రు. ఎక్కువ సేపు పట్టలే. రెండో మూడో ఎత్తులకు మీ తాత తన రాజును తానే అడ్డం పడేసిండు. ఆటకట్టు అని కూడ తానే అన్నడు.

కిరణ్ వాళ్ల నాయినకు ఇంకా సమజ్ గాలే. "మరి నాయినా, ఓడిపోతే దొంగ ఎత్తని చెప్పాలె అన్నవు గదా" అని గుర్తు చేస్తుండు. ఏసోబన్న ఆయన దిక్కు మల్లి, "చెప్పిండు గదరా. నీకు ఇనబడలేదా? ఇంకేం చెప్పాలె" అన్నడు. అని, మీ తాత దిక్కు మల్లి, "నా డ్యూటీ మంచిగ చేసినవ్ సామ్యేలు" అన్నడు.

నేను అక్కడనే తలుపు కాడ కింద కూసున్న. రూతమ్మ వదిన వచ్చి నా పక్కన కూసున్నది, ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని నవ్వుకుంట ఏడ్చుకుంట. ఎంత బరువు దిగిందో నీకెట్ల చెప్పాలె. కొత్తగ కిరాయికి వచ్చిన ఒక్క అర్రల, రాత్రి డ్యూటీ నుంచి ఈయన తిరిగొచ్చిన చప్పుడు ఇంటే ఎట్ల ఉండేదో గట్ల. ఊపిరి మొత్తం వదిలి పీల్చుకున్నట్టు. మీ నాయిన అప్పుడు ఆ మురుకుల ప్లేటు అందరికి పెట్టిండు. ముందుగాల తానే రెండు తిన్నడు.

మీ అక్క వచ్చి ఏసోబన్న కాళ్ల కాడ కూసుంటే, ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి, "ఆకలైతుందా బిడ్డా? మా వల్ల మీకెవ్వరికి బువ్వ లేకపాయె" అన్నడు. గప్పుడు ఏడ్చింది కరుణ. అప్పటిదాక ఆపుకున్నదంతా. కిరణ్ కర్చీఫ్ ఇచ్చిండు, అందరు చూస్తున్నరని కూడ మరిచిపోయి. అయ్యగారు వచ్చేసరికి అందరం చల్లారిన కోడికూర వేడి చేసుకొని తింటున్నం. ఆలస్యమైందా అన్నడు ఆయన. లేదయ్యగారూ, టైముకే వచ్చిన్రు అన్న నేను. ఇంకో గంట ముందు వస్తే ఏం ప్రార్థన చేస్తుండెనో పాపం.

వాళ్లు పోయినంక నేను గ్లాసులు తీసుకుంట అడిగిన మీ తాతను. కరుణ కోసమేనా ఆ పని చేసినవు అని. ఏమన్నడంటే, "కరుణ కోసమే లేసి ఆ కుర్చీల కూసున్న. కూసుంటే ఆ గుర్రం ఎత్తు కనబడ్డది. నా దిక్కు నుంచి ఎన్నడు కనబడలే. కనబడ్డంక వెయ్యకుంట ఎట్లుంట?" అన్నడు. చూసినవా, ఎట్లాంటి మనిషో. మనుమరాలి కోసం లేసిండు, ఆట కోసం ఓడిండు. నేను కోప్పడాల్నో మెచ్చుకోవాల్నో తెల్వక ఇంకొక కప్పు చాయ్ పెట్టిచ్చిన.

ఆఁ, ఒకటి మరిచిపోయిన. ఏసోబన్న పోయేటప్పుడు ఆ బంటును తీసి అంగి జేబుల వేసుకున్నడు. పెండ్లి నాడు తెస్త అన్నడు. అందుకే మన బోర్డు మీద ఒక బంటు లేదు, మీ తాత గోలీల సీసా మూత పెట్టుకున్నడు దాని జాగల. అవును, మల్ల కొత్త ఆట మొదలుపెట్టిన్రు. దినాం ఒకనిది ఒక్క ఎత్తు. ఏసోబన్న ఎత్తు కిరణ్ పొద్దున బస్సుల మీ అక్కకు చెప్తడు, అది ఇంటికొచ్చి జరుపుతది. మీ తాత ఎత్తు మీ అక్క మర్నాడు కిరణ్‌కు చెప్తది. ఆ పిల్లలు బస్సుల ఇంకేమన్న మాట్లాడుకుంటరో లేదో నాకు తెల్వది.

నీ పరీక్షలు ఎట్ల రాసినవ్? మంచిగ రాసినవా? సరే. నీకు కూడ వస్తది టైము, నవ్వకు, వస్తది. పెద్ద నౌకరి చెయ్యి, మంచిగ బతుకు, దేవుడు నిన్ను సల్లగ చూడాలె బిడ్డా. నువ్వు పక్కన లేనప్పుడు నీ కుర్చీల కూసోని నీ పావునే జరిపేటోడు నీకు దొరకాలె. నువ్వు కూడ వానికి గట్లనే ఉండాలె... ఇగ బంద్ చెయ్యి, మీ తాత లేసిండు. ఆ సీసా మూత ఎక్కడ పెట్టిండో, వెతుక్కుంటుండు పాపం.